సై కొండ మీద మేనత్త శుభలేఖ

కొండ ఎక్కాలంటే తెలుగువాడికి పైన దేవుడుండాలి. తిరుమల, సింహాచలం, యాదగిరిగుట్ట, అన్నవరం, మంగళగిరి, ఎక్కడైనా ఒప్పందం ఒకటే. మనం మోకాళ్లిస్తాం, ఆయన దర్శనమిస్తాడు. దారిలో మజ్జిగ, దిగేటప్పుడు ప్రసాదం. దేవుడు లేని కొండ మన దగ్గర ఎక్కువకాలం కొండగా బతకదు. కంకరై లారీ ఎక్కుతుంది.

అమెరికాలో అలా కాదు. వాషింగ్టన్ రాష్ట్రంలో సియాటిల్ నుంచి ఐ-90 మీద తూర్పుగా ముప్పావుగంట పోతే నార్త్ బెండ్ అనే చిన్న ఊరొస్తుంది. ఆ ఊరి నెత్తిమీదే ఉంటుంది మౌంట్ సై. ఎత్తు 4,167 అడుగులు. పైన గుడి లేదు, గంట లేదు, టీ బంకు లేదు. మొక్కు తీర్చుకునే ఏర్పాటేమీ లేదు. అయినా ఏడాది పొడుగునా జనం ఎక్కుతూనే ఉంటారు, ఎందుకెక్కుతున్నారని అడిగితే నవ్వి ఊరుకుంటారు. సై అనేది జోసయా మెరిట్ అనే పాతకాలపు ఆసామి ముద్దుపేరు. కొండ కింద కొయ్య ఇల్లు కట్టుకుని ఉండేవాడు, చుట్టుపక్కలవాళ్లు ‘అంకుల్ సై’ అనేవాళ్లు. అంటే లెక్కప్రకారం ఇది ఒక బాబాయి గారి కొండ. బాబాయిల సంగతి ముందు ముందు చాలా ఉంది.

కింది నుంచి పైకి 4 మైళ్ల దారి. ఆ నాలుగు మైళ్లలో 3,150 అడుగులు ఎక్కాలి. మనకు తెలిసిన కొలతలో చెప్పాలంటే, అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి తిరుమల చేరినా ఇంత ఎత్తు ఎక్కినట్టు కాదు. పైగా అక్కడ నెత్తిన నీడ ఉంటుంది, చెవిలో గోవిందనామం ఉంటుంది, మోకాళ్ల పర్వతం దగ్గర మనతోపాటు మూలిగేవాళ్లు నలుగురుంటారు. ఇక్కడ చలికాలంలో సగం దారి నుంచి మంచుంటుంది.

ఆ మంచులో ఆ కొండని పరిగెత్తుతూ ఎక్కుదాం రమ్మని ఒక మనిషి నన్ను పిలిచాడు.

మా ఇద్దరికీ పేర్లు లేకపోలేదు. కానీ రెడ్మండ్, ఇస్సాక్వా, సమ్మామిష్ వైపు తెలుగువాళ్లు ఎంతమంది పోగయ్యారంటే పార్కులో పేరు పెట్టి పిలిస్తే నలుగురు తిరిగి చూస్తారు. అందుకని ఊళ్ల పేర్లు వాడుకుంటున్నాం. వాడు తెనాలి. నేను అనంతపురం. నలభై దాటాక తెనాలి వాడి చేతికి ఒక రక్తపరీక్ష కాగితం వచ్చింది. అందులో కొలెస్ట్రాల్ అంకె చూసి వాళ్లావిడ నెయ్యి డబ్బా అటకెక్కించింది, వీణ్ణి రోడ్డెక్కించింది. మొదట చెరువు గట్టున పరిగెత్తాడు. తర్వాత అది చాల్లేదు. ఇప్పుడు చదును నేల మీద పరిగెత్తేవాళ్లని చూస్తే వాడికి జాలి.

ఈ కొండ పరుగులవాళ్లకి ఒక సూత్రముంది. మాట్లాడగలిగినంత వేగంలోనే పరిగెత్తాలట. వాక్యం మధ్యలో ఊపిరి తెగిందంటే వేగం మించిందని గుర్తు, తగ్గించుకోవాలి. మామూలు మనుషులకి ఇది కళ్లెం. తెనాలి వాడికి మాత్రం ఇది పర్మిట్టు. పుట్టి బుద్ధెరిగాక వాడి వాక్యం మధ్యలో తెగిన సందర్భం లేదు. ఎగువలోనైనా, ఎదురుగాలిలోనైనా వాడి కర్త, కర్మ, క్రియ వరసగా వచ్చి కూర్చుంటాయి.

నాకు పరుగు మీద మోజు లేదు. నాకున్నది కథల మీద మోజు, అందులోనూ ఆస్తి తగాదాల మీద. ఆ సంగతి వాడికి బాగా తెలుసు.

“టైమెంత పడుతుంది?” అన్నాను ఫోన్లో.

“నేస్మిత్ రూలని ఒకటుంది బావా. 1892లో స్కాట్లండ్ ఆయన పెట్టాడు. అయిదు కిలోమీటర్లకి గంట, 600 మీటర్ల ఎత్తుకి ఇంకో గంట. ఈ కొండకి లెక్కేస్తే మూడు గంటలకి కాస్త తక్కువ. అది నడిచేవాళ్ల లెక్క. మనం రెండింట్లో కొట్టేస్తాం.”

“మంచుకెంత కలపాలన్నాడు ఆయన?”

“ఆయనది స్కాట్లండు బావా. మంచు ఆయనకి లెక్కలోది కాదు.”

సరే, ఏర్పాట్లు. మొదటి పాఠం, ఒంటిమీద నూలుబట్ట ఉండకూడదు. పత్తి ప్రాణం తీస్తుందని ఇక్కడి కొండవాళ్ల సామెత. పత్తి పండించే మన రైతుకి ఈ సంగతి ఇంకో రకంగా ఎప్పుడో తెలుసు. ఇక్కడ కారణం వేరు. నూలు చెమటని పీల్చి వదలదు, తడిసిందంటే అందులో గాలి నిలవదు, గాలి నిలవకపోతే వెచ్చదనం ఉండదు. ఉన్ని తడిసినా కొంత కాపాడుతుంది. కాబట్టి ఇన్నేళ్లూ నమ్మకంగా కొలిచిన తెల్ల బనీను స్థానంలో మెరినో ఉన్ని బనీను వచ్చింది. దాని ధరకి మా అనంతపురంలో బతికున్న గొర్రెనే ఇంటికి తోలుకెళ్లొచ్చు. ధరల మాటొచ్చింది కాబట్టి చెబుతున్నా, సియాటిల్లోనే 1938లో ఆండర్సన్ దంపతులు మంచు గొడ్డలి ధర మరీ ఎక్కువగా ఉందని ఏకంగా ఒక సహకార సంఘం పెట్టారు, అదే కొండ సామాను అమ్మే ఆర్‌ఈఐ అయింది. మనవాళ్లయితే బేరమాడి, కుదరకపోతే పక్కింట్లో అడిగి తెచ్చుకునేవాళ్లు.

రెండో పాఠం, పది వస్తువులు. 1906 నుంచి ఉన్న ఇక్కడి మౌంటెనీర్స్ క్లబ్బువాళ్లు కొండకి పోయేవాడి దగ్గర తప్పకుండా ఉండాల్సిన పది వస్తువుల పట్టీ తయారుచేశారు. దారి పటం, దిక్సూచి, టార్చిలైటు, చాకు, అగ్గిపెట్టె, మందులు, అదనపు బట్టలు, అదనపు తిండి, నీళ్లు, ఇలా. ఆ పట్టీ మా ఆవిడ చదివింది.

“మలావత్ పూర్ణ 2014లో ఎవరెస్టు ఎక్కింది. పద్నాలుగేళ్లు నిండలేదు ఆ పిల్లకి. నిజామాబాద్ జిల్లా నుంచి వెళ్లింది. మీరు వెళ్లేది పక్క ఊరికి,” అంది. అనేసి అదనపు తిండి కింద రెండు డబ్బాల చిత్రాన్నం కట్టింది.

కొండ మొదలయ్యేచోటు 700 అడుగుల ఎత్తులో ఉంటుంది. తెల్లవారకముందే చేరాం. అప్పటికే కార్లు నిలిపే చోటు సగం నిండి ఉంది. అద్దానికి డిస్కవర్ పాసనే పార్కింగు అనుమతి చీటీ తగిలించి దిగితే సన్నటి వాన. మంచు కోసం వచ్చిన మనిషికి వాన పడుతుంటే మనసులో ఒక ఆశ పుడుతుంది, ఇంటికెళ్లిపోవచ్చేమోనని. తెనాలి వాడు ఆ ఆశ తుంచేశాడు. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరేడు డిగ్రీలు పడిపోతుందట. ఇక్కడ వానైతే పైన మంచేనట, శుభమట. బయల్దేరేటప్పుడు వణకాలట కూడా. వెచ్చగా బయల్దేరినవాడు పది నిమిషాల్లో చెమటతో తడిసి, పైకెళ్లాక ఆ తడితోనే గడ్డకడతాడట. అందుకని చలికోటు విప్పించి సంచిలో పెట్టించాడు. వణుకుతూ నిలబడ్డాను. ఉద్యోగం చేసుకుని పిల్లల్ని చదివించుకుంటున్న ఇద్దరు పెద్దమనుషులు శనివారం చీకట్లో నుదుట దీపాలు కట్టుకుని అడవిలోకి పరిగెత్తడం మా నాన్న చూసి ఉంటే, వెనకాల పోలీసులున్నారేమోనని చూసేవాడు.

కొండ పరుగులో బయటికి చెప్పని రహస్యమొకటుంది. ఎగువలో ఎవరూ పరిగెత్తరు. వాలు ఒక హద్దు దాటాక పరిగెత్తినా గబగబా నడిచినా వేగంలో తేడా పెద్దగా ఉండదు, గుండెకి మాత్రం చాలా తేడా. అందుకని పందేలు గెలిచే మహానుభావులు కూడా తొడల మీద చేతులాన్చి, నడుం వంచి, పెద్ద పెద్ద అంగలు వేస్తూ నడుస్తారు. ఫోటో తీసేవాడు కనిపిస్తే నాలుగడుగులు పరిగెత్తుతారు. ఈ సంగతి తెలిశాక నాకు ఈ క్రీడ మీద కాస్త గౌరవం కలిగింది. నడవడమైతే నాకూ వచ్చు.

మొదటి మైలు అయ్యేసరికి నాకు నడవడం కూడా రాదని తేలింది. ఇంక వెనక్కి పోదామని నోరు తెరిచే సమయానికి తెనాలి వాడు గొంతు సవరించుకున్నాడు.

“మా తాతగారి భోషాణం సంగతి నీకు చెప్పానా?”

“లేదే.”

“తాతగారు పోయారు. రెండెకరాల మాగాణి, ఒక మండువా లోగిలి, అందులో ఒక భోషాణం. వారసులు ముగ్గురు. మా నాన్న, బాబాయి, మేనత్త. బాబాయి భాగపంపకాల దావా వేశాడు. మేనత్తకి కొడుకులతో సమాన వాటా ఉందా లేదా? అక్కడొచ్చింది చిక్కు.”

“ఆడపిల్లకి సమాన వాటా ఎందుకుండదు?”

“ఎన్టీఆర్ చట్టం తెలుసుగా? 1986లో చేశారు, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలన్నారు. ఆ తేదీకి ముందే పెళ్లయిపోయిన ఆడపిల్లకి ఆ చట్టం వర్తించదు.”

“మీ అత్త పెళ్లి ఎప్పుడైంది?”

తెనాలి వాడు ఆగి, వెనక్కి తిరిగి, నుదుటి దీపం నా మొహాన కొట్టి ఒక చిరునవ్వు నవ్వాడు. తర్వాత పరిగెత్తాడు. నడక కాదు, పరుగే. వంపు తిరిగి కనబడకుండా పోయాడు.

నేనేం చెయ్యను? నేనూ పరిగెత్తాను.

అలా దొరికినప్పుడు కొంత, తప్పించుకున్నాక కొంత. దారి పక్కన అరమైలుకొకటి చొప్పున చిన్న చెక్క గుంజలు పాతి ఉంటాయి. ఒక్కో గుంజకి ఒక్కో సాక్ష్యం చొప్పున దావా నడిచింది. రెండు మైళ్లకి కాస్త ముందు స్నాగ్ ఫ్లాట్ అనే చదును నేల వస్తుంది. అక్కడి డగ్లస్ ఫర్ చెట్లని చూడటానికి నిజంగా ఆగాలి. 1910లో కొండ తగలబడినప్పుడు మిగిలిపోయిన ముసలి చెట్లవి. బెరడు నా అరచెయ్యి మందాన ఉంటుంది. మంట దాన్ని కాల్చింది కానీ లోపలికి పోలేకపోయింది, నల్లటి మచ్చలు అలాగే ఉన్నాయి. ఒక చెట్టుని ఇద్దరం చెరోవైపు నుంచి కౌగిలించుకున్నా చేతులు కలవలేదు. అటువైపు నుంచి వాడి గొంతు వినపడింది.

“1985. క్రోధన నామ సంవత్సరం. శ్రావణం. ఆ ఏడు అధిక శ్రావణం వచ్చింది బావా, కాబట్టి పెళ్లిళ్లన్నీ నిజ శ్రావణానికి జరిగాయి. నిజ శ్రావణం ఆగస్టు మధ్యలో మొదలైంది. అత్త పెళ్లి బహుళ పంచమి నాడు.”

“ఇంగ్లీషు తేదీ చెప్పు సామీ!”

“సెప్టెంబరు 4.”

“అయితే ఒక్కరోజు ముందు. పాపం, సమాన వాటా లేదు.”

“ముహూర్తం ఎన్నింటికో అడగవేం?” అని చెట్టు వెనక నుంచే పరారయ్యాడు.

ఆ చెట్ల దగ్గరే ఇంకో మనిషి కలిశాడు. అరవై ఉంటాయి. వీపు మీద పెద్ద సంచి, అందులో నీళ్ల క్యాన్లు. నాలుగు గ్యాలన్లట, అంటే దాదాపు 15 లీటర్లు. ఎండాకాలం రెయినియర్ పర్వతం ఎక్కబోతున్నాడట. 14,410 అడుగుల ఆ మంచుకొండకి సాధన చేసేవాళ్లందరికీ ఈ సై కొండే వ్యాయామశాల, బరువు కోసం నీళ్లు మోస్తారు. అంతవరకూ అర్థమైంది. “మరి పైకెళ్లాక ఇన్ని నీళ్లూ తాగుతారా?” అన్నాను. “లేదు, పారబోస్తాను. దిగేటప్పుడు మోకాళ్లకి భారం ఉండకూడదు కదా,” అన్నాడు.

నేను పుట్టిన జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అదీ పడితే. బిందెకి బిందె వరసలో పెట్టి, నిద్రపోకుండా ట్యాంకరు కోసం కాపలా కాసిన ఇల్లు మాది. అలాంటివాడి ముందు ఒక మనిషి మంచినీళ్లు మూడు వేల అడుగులు మోసుకెళ్లి మంచు మీద పారబోస్తానంటాడు. ఆ నీళ్లు పోసే దృశ్యం చూడకూడదని గట్టిగా అనుకున్నాను. పైకి తొందరగా పోవడానికి అదొక కారణం, ముహూర్తం ఇంకో కారణం.

2,500 అడుగుల దగ్గర వాన చప్పుడు లేకుండా మంచుగా మారింది. మొదట అందంగానే ఉంది. ఆకుల మీద, కొమ్మల మీద, నా టోపీ మీద పడుతోంది. కానీ ఈ కొండకి జనం ఎక్కువ. వందల కాళ్లు తొక్కీ తొక్కీ దారిలోని మంచుని గట్టి గాజుపలక చేసేశాయి. ఇక్కడ మైక్రోస్పైక్సు తొడగాలి. ఇవి బూటుకి కిందనుంచి పట్టించే గొలుసులు, వాటికి చిన్న చిన్న ఉక్కు మేకులు. చుట్టూ రబ్బరు పట్టీ, దాన్ని సాగదీసి బూటుకి తగిలించాలి. వేళ్లు వెచ్చగా ఉన్నప్పుడు ఇది అరనిమిషం పని. వేళ్లు కొయ్యబారాక రబ్బరు ముందు బొటనవేలి దగ్గర ఎక్కుతుంది, మడమ దగ్గరికి లాగేసరికి బొటనవేలి దగ్గర ఊడుతుంది. ఒంటికాలి మీద నిలబడి లాగుతుంటే రెండో కాలు కింద గాజుపలక. చివరికి మంచులో చతికిలబడి, దంతాలతో చేతి తొడుగు పీకి, ముక్కుతూ తొడిగాను. లేచి చూసుకుంటే ముందుండాల్సింది వెనక్కి ఎక్కింది. తెనాలి వాడు ఏమీ అనలేదు. కానీ పక్కన నిలబడి ఓపిగ్గా చూశాడు, అది ఇంకా ఘోరం.

ఒకసారి తొడిగాక మాత్రం మజా వేరు. మేకులు మంచులో కరకర కొరుకుతుంటే కాలు వేసినచోట వేసినట్టు నిలబడుతుంది. అరగంట కిందటిదాకా దేవుళ్లని తలుచుకున్న మనిషి దర్జాగా చేతులు ఊపుకుంటూ నడుస్తాడు. ఆ ధైర్యంతోనే వాణ్ణి అందుకున్నాను.

“ముహూర్తం?”

“మా నాన్న రాత్రి పదకొండున్నర అంటాడు. బాబాయి రెండుంపావు అంటాడు.”

నాలుగడుగులు వేశాక గాని నాకు వెలగలేదు. వెలిగాక ఆగిపోయాను. మన పంచాంగానికి రోజు సూర్యోదయంతో మారుతుంది, ఇంగ్లీషు కాలెండరుకి అర్ధరాత్రి మారుతుంది. పదకొండున్నరకి తాళి కడితే సెప్టెంబరు 4, సమాన వాటా లేదు. రెండుంపావుకి కడితే అదే పంచమి రాత్రి, అదే పందిరి, అదే పెళ్లికొడుకు, కానీ సెప్టెంబరు 5. మూడో వంతు మాగాణి.

“మరి మీ అత్త ఏమంటుంది?”

“నిద్ర ఆపుకోలేక తూగుతున్నాను, గడియారం చూడలేదంటుంది.”

“తనకి నష్టమైతే బాబాయి రెండుంపావు అని ఎందుకంటాడు?”

“శభాష్. అత్తకి వాటా వస్తే ఇంట్లో తూర్పు భాగం ఆయనకే అమ్ముతానంది మరి.”

“శుభలేఖ తీసి చూస్తే పోయె!”

“శుభలేఖ భోషాణంలో ఉంది.”

“తెరవండి!”

“తాళంచెవి,” అని మొదలుపెట్టి వాడు పరిగెత్తాడు. అప్పటికి చెట్లు పొట్టివైపోయాయి, గాలి మొదలైంది. బూట్ల కింద మంచు ఉండలు కట్టి నేను రెండంగుళాలు పొడుగయ్యాను. ప్రతి పది అడుగులకీ కాలు రాయికేసి కొట్టి దులుపుకోవాలి. ఆ స్థితిలో, ఆ ఎత్తులో, నేను నిజంగా పరిగెత్తాను. నా జీవితంలో నన్ను పరిగెత్తించిన డ్రిల్లు మాస్టార్లెవరూ ఇంత వేగం రాబట్టలేదు. పిల్లలకి వ్యాయామం నేర్పాలనుకునే బళ్లు ఈ పద్ధతి ఆలోచించాలి. మైదానం అవతలి కొసన ఒక తెనాలి మనిషిని నిలబెట్టి, సగం దావా చెప్పించాలి.

3,900 అడుగుల దగ్గర చెట్లు అయిపోయి, మంచు కప్పిన రాళ్ల మధ్యకి బయటపడ్డాం. అక్కడి నుంచి గడ్డివామిలా లేస్తుంది హేస్టాక్ అనే బండ. అసలు శిఖరం దాని నెత్తిన ఉంది. ఎండాకాలం చేతులూ కాళ్లూ ఆన్చి పాకేవాళ్లు పాకుతారు. మంచు పేరుకున్నప్పుడు తాడూ, అనుభవమూ లేనివాడు దాని జోలికి పోకూడదు, జారితే మధ్యలో ఆగడానికేమీ లేదు. కాబట్టి మేం బండ మొదట్లో ఆగాం. ఆగాక శిఖరం చేరినట్టా కాదా అనే చర్చ వచ్చింది. తెనాలి వాడు దాన్ని కూడా పంపకాల్లో తేల్చాడు. పై వాటా కొండమేకలది. అవి ఈ బండ మీద తిరుగుతుంటాయి కూడా, అనుభవ హక్కు ఉంది. కింది వాటా మనది. ఇద్దరం సంతకాలు పెట్టినట్టే తలూపాం.

ఇక్కణ్ణుంచి రెయినియర్, సియాటిల్, ఆ వెనక ఒలింపిక్ పర్వతాలు కనబడతాయని అంటారు. మాకు కనబడింది తెలుపు. కింద తెలుపు, పైన తెలుపు, ముందు తెలుపు. ఫోను తీసి ఫోటో తీద్దామంటే చలికి బ్యాటరీ ముప్పయి శాతం నుంచి సరాసరి కన్నుమూసింది. నీళ్ల గొట్టంలో నీళ్లు గడ్డకట్టాయి. చిత్రాన్నం డబ్బా తెరిస్తే అన్నం ఒకే అచ్చుగా ఊడి వచ్చింది. వేరుశెనగ నూనె చల్లటి నీళ్లంత చలికే పేరుకుపోతుంది. అదే నువ్వులనూనె వాడితే ఇంకా కింద డిగ్రీలదాకా కదులుతుందని తెనాలి వాడు ఉపన్యాసం మొదలెట్టాడు. వేరుశెనగ పండించే జిల్లా వాడి ముందు ఆ మాట అనకూడదు. నేను అచ్చుని చాకుతో రెండు ముక్కలు కోసి, చిన్న ముక్క వాడికిచ్చాను.

అప్పుడు వచ్చింది ఒక పిట్ట. బూడిద రంగు, బొద్దుగా, మెత్తగా ఉంది. గ్రే జే అంటారు, కొండవాళ్లు దొంగ అని కూడా అంటారు. నా మోచేతి మీద వాలి, తల ఒకవైపు వంచి చిత్రాన్నాన్ని పరిశీలించింది. మెతుకు ముట్టలేదు. కరివేపాకు ముట్టలేదు. పసుపు అంటిన శెనక్కాయ గింజ ఒక్కటి, సరిగ్గా ఒక్కటి, ముక్కుతో పీకింది. నేను అదిలించేలోపు ఎగిరి ఒక ఫర్ చెట్టు మీద వాలి, బెరడు సందులోకి ముక్కు దూర్చి ఏదో పని చేసింది. ఆ పిట్టలకి జిగురు ఉమ్ముంటుంది. తిండిని ఉమ్ముతో ఉండచేసి బెరడు పగుళ్లలో అతికించి దాచుకుంటాయి, చలికాలమంతా గుర్తుపెట్టుకుని తింటాయి. తాళం లేదు, చెవి లేదు, దావా లేదు.

“తాళంచెవి,” అన్నాను.

“నాయనమ్మ బొడ్లో ఉండేది. ఆవిడ పోయినప్పుడు నాన్న దగ్గరుందని బాబాయి, బాబాయి దగ్గరుందని నాన్న. కోర్టువారు అడ్వకేట్ కమిషనర్ని వేశారు, భోషాణం తెరిపించి జాబితా రాయమని. కమిషనర్ గారు వచ్చిన రోజు నాన్న ఊళ్లో లేడు. నాన్న ఉన్న రోజు కమిషనర్ గారికి జ్వరం. ఇద్దరూ ఉన్న రోజు బాబాయి స్టే తెచ్చాడు. ఇలా ఏళ్లు నడిచింది. అప్పుడు ఢిల్లీలో ఒక పని జరిగింది.” వాడు అచ్చు ముక్క కొరికి, నింపాదిగా నమిలాడు. ఈసారి పరిగెత్తడానికి పైన కొండ మిగల్లేదు. “2005లో చట్టం మారింది. కూతురికి కొడుకుతో సమాన వాటా. పెళ్లి ఎప్పుడైందన్నది లెక్కలోకి రాదు. తండ్రి అప్పటికే పోయినా సరేనని 2020లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. అత్తకి మూడో వంతు ఖాయం.”

“అంటే ఆ శుభలేఖ?”

“దాంతో పని లేదు.”

“పదకొండున్నరా?”

“పని లేదు.”

“రెండుంపావు?”

“లేదు బావా.”

నేను మంచులో కూర్చున్నాను. మూడు వేల అడుగుల పైచిలుకు ఎక్కి వచ్చింది ఆ గడియారం ముళ్లు ఎక్కడున్నాయో తెలుసుకోవడానికి. సరిగ్గా అప్పుడే ఆ అరవై ఏళ్లాయన వచ్చి, మాకు గుడ్ మార్నింగ్ చెప్పి, సంచి దించి, ఒక్కో క్యానూ మూత తీసి నీళ్లు పారబోయడం మొదలుపెట్టాడు. గ్లగ్ గ్లగ్ మని పోతున్నాయి. నాలుగు క్యాన్లూ అయ్యేదాకా చూశాను, కళ్లు తిప్పుకోవడం చేతకాలేదు. మంచులో చిన్న గుంత పడింది.

దిగుడు సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అది క్లుప్తంగానే అయింది. కొండ పరుగులో నిజంగా పరుగుండేది దిగుడులోనే. మేకులున్న కాళ్లతో మెత్తటి మంచులో మడమ దిగేసి జారుతూ, ఆపుకుంటూ పోతుంటే నలభై దాటిన సంగతి కాసేపు గుర్తురాదు. ఎదురొచ్చేవాళ్లు పక్కకి తప్పుకుని దారిస్తారు. కొందరు మెచ్చుకుంటారు. వాళ్లు మెచ్చుకున్నది నా వేగాన్ని, అది నా చేతుల్లో లేదని వాళ్లకి తెలియదు. తెనాలి వాడు నా వెనక పడ్డాడు, చెప్పడానికి కథ లేక వాడి వేగం పడిపోయింది. నేస్మిత్ గారి లెక్కకి మేం ఎంత దూరంలో ఉన్నామో ఫోను చచ్చిపోయింది కాబట్టి ఎవరికీ తెలియలేదు. వాడు రెండు గంటలనే చెప్పుకుంటున్నాడు.

దిగుడు ఖరీదు తర్వాత తెలుస్తుంది. ఎక్కేటప్పుడు తొడ కండరం ముడుచుకుంటూ పనిచేస్తుంది, దిగేటప్పుడు సాగుతూ బరువు ఆపుతుంది. ఆ సాగుడులోనే పోగులు చిట్లుతాయి. ఆ పూట ఏమీ అనిపించదు. మర్నాడు కాస్త. రెండో రోజుకి అసలు సంగతి. మా ఇంట్లో పడకగదులు మేడమీద. సోమవారం పొద్దున నేను కటకటా పట్టుకుని వెనక్కి తిరిగి, ఒక్కో మెట్టూ దిగుతుంటే, మా ఆవిడ కింద నిలబడి కాఫీ తాగుతూ చూస్తోంది. ఫోను మోగింది. స్పీకర్లో పెట్టి పైకి ఎత్తి పట్టుకుంది.

“బావా, ఎలా ఉన్నావు?”

“మెట్ల మీద ఉన్నా.”

“అడగడం మర్చిపోయావు గదా. భోషాణంలో ఏముందో.”

మా ఆవిడ కాఫీ తాగడం ఆపేసింది. “ఏముందట?” అంది, నన్ను కాదు, ఫోన్ని.

“నిన్న రాత్రి నాన్నతో మాట్లాడానమ్మా. వాటా తేలినా, సామాను పంచాలి గదా, భోషాణం తెరవక తప్పదు. కమిషనర్ గారు మార్చిలో వస్తున్నారు. సుత్తీ, కమ్మరి మనిషీ సిద్ధం. బావా, మార్చి రెండో శనివారం ఖాళీ పెట్టుకో. ఈసారి మెయిల్‌బాక్స్ పీక్. ఎక్కుడు నాలుగు వేల అడుగులు.”

“దానిపైన ఏముంటుంది?” అన్నాను, తొమ్మిదో మెట్టు మీద నుంచి.

“పెట్టె ఉంటుంది బావా. ఉత్తరాల పెట్టె. నిజంగానే కొండ కొసన పాతిపెట్టి ఉంటుంది, ఎక్కినవాళ్లు తెరిచి చూస్తారు.” ఒక్క క్షణం ఆగాడు. “దానికి తాళం లేదు.”

మా ఆవిడ లోపలికెళ్లి, నువ్వులనూనె అయిపోయిందని పట్టీలో రాసుకుంది.